పిలుపు లేని పెళ్ళిళ్ళు

ఖర్చు పెట్టకుండా సుఖంగా బతకడం కిషన్‌కు తెలిసినట్టు ఎవరికీ తెలియదని మిర్యాలగూడలో చెప్పుకుంటారు. తోటి గుమస్తాలు ఆ మాట మెచ్చుకోలుగానే అంటారు. ఆయన భార్య అన్నపూర్ణకు మాత్రం అది చెవిన పడితే తల కొట్టేసినట్టుంటుంది.

ఆమె దుబారా మనిషి కాదు. పొద్దు వాలాక డాబా మీద చాప పరుచుకొని, మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకొని, కూతురు స్పందనతో కబుర్లాడుతూ తినడం కంటే గొప్ప భోగం ఆమె ఎరగదు. కాలువకు నీళ్ళొదిలిన రోజుల్లో తల్లీకూతుళ్ళు గట్టుదాకా నడిచిపోయి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని చీకటి పడేదాకా కూర్చునేవారు. పైసా ఖర్చు లేదు, ఒకరి సొమ్ము తిన్నదీ లేదు. స్పందన కోదాడలో ఫార్మసీ చదవడానికి వెళ్ళాక చాప మడతపెట్టి మూలన నిలబెట్టింది.

కిషన్ పొదుపు ఆ రకం కాదు. అది ఎప్పుడూ ఎదుటివాడి ఇంట్లోనే మొదలవుతుంది. ఆయన పనిచేసే రైస్ మిల్లుకు బ్రోకర్లు చిన్న చిన్న కవర్లలో బియ్యం శాంపిళ్ళు తెస్తారు. సేటు చూసి పక్కన పడేయగానే ఈయన అన్నీ ఒకే సంచిలో గుమ్మరించుకొని ఇంటికి తెస్తాడు. పాతవీ కొత్తవీ, సన్నవీ దొడ్డువీ కలిసిన ఆ బియ్యం వండితే సగం మెతుకులు గుజ్జయిపోతాయి, సగం పలుకుగా మిగులుతాయి. ఇన్నేళ్ళూ ఆమె వండింది అదే. పైగా కంచం ముందు కూర్చొని, ఊళ్ళో ఇన్ని రకాల బియ్యం తినే అదృష్టం మనకే ఉందని ఆయన మురిసిపోతాడు. ఆ మురిపెం చూస్తే ఆమెకు చీదర పుడుతుంది.

ఇక పెళ్ళిళ్ళ సంగతి తలుచుకుంటే రోతే. ముహూర్తాలు రాగానే కిషన్ ఇస్త్రీ చొక్కా వేసుకొని బయలుదేరుతాడు. ఫంక్షన్ హాలు ముందున్న ఫ్లెక్సీ మీద పేర్లు చదివి, తమ కులంవాళ్ళ ఇంటి పెళ్ళేనని రూఢి చేసుకొని లోపలికి నడుస్తాడు. పెళ్ళికూతురి వైపువాళ్ళు పలకరిస్తే అబ్బాయి తరఫు అంటాడు, అబ్బాయి వైపువాళ్ళు అడిగితే అమ్మాయి తరఫు అంటాడు. కడుపునిండా తిని, స్టేజీ ఎక్కి, నిండు మనసుతో అక్షింతలు వేసి ఫొటో కూడా దిగుతాడు. ఎన్ని ఇళ్ళలో ఆల్బం ముందేసుకొని ఈ పెద్దమనిషి ఎవరని తలలు బద్దలు కొట్టుకుంటున్నారో మరి.

ఒంటరి మగవాణ్ణి ఎవరైనా అనుమానిస్తారు, పక్కన పట్టుచీరె కట్టిన ఇల్లాలుంటే ఎవరూ నోరెత్తరు. అందుకని అన్నపూర్ణ వెంట ఉండి తీరాలి. మొదట్లో నిజంగా పిలిచారనుకొని వెళ్ళింది. తెలిశాక రానని మొండికేసింది. అలా అయితే కోదాడ ప్రయాణమూ వద్దన్నాడాయన, కూతుర్ని ఫోన్లో చూసుకొమ్మన్నాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే, ఒక్కతే వెళ్ళవచ్చు. కానీ ఆ ఇంట్లో ఆయన మాట దాటి ఆమె గడప దాటిన రోజు లేదు. చివరికి తలొగ్గింది. ఆమె దేవుణ్ణి కోరుకునేది ఒక్కటే, ఈ సంగతి స్పందనకు తెలియకూడదు. తండ్రి మీద ఎలాగూ లేదు, తల్లి మీదనైనా పిల్లకు గౌరవం మిగలాలి.

ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం ఇద్దరూ బియ్యం సంచి, పచ్చళ్ళ సీసాలు పట్టుకొని కోదాడలో దిగారు. స్పెషల్ క్లాసు ఉంది, సాయంత్రందాకా రాను, సామాను తన అద్దె గది ఓనరు దగ్గర పెట్టి వెళ్ళమని స్పందన ముందే ఫోన్ చేసి చెప్పింది. అలాగే పెట్టారు. కూతురు కనబడలేదని తల్లి దిగులుగా ఉంటే, కిషన్ చూపు హైవే పక్కనున్న పెద్ద ఫంక్షన్ హాలు మీద పడింది.

ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. “ఇది మన పిల్ల ఉన్న ఊరండీ. ఎవరన్న గుర్తుపడితే అది మొహమెక్కడ పెట్టుకుంటది?”

“అది క్లాసుల కూసున్నది. ఈడ మనల్ని ఎరిగినోడెవడు? నడువు, సల్లారిపోతయి,” అని ఆయన ముందుకు సాగాడు.

గుమ్మం దగ్గర ఒకే రంగు చీరెలు కట్టుకొని, ఒకే రకంగా పూలు పెట్టుకున్న అమ్మాయిలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళకు గంధం రాసి పన్నీరు చల్లడం వాళ్ళ పని. క్యాటరింగ్ వాళ్ళు కాలేజీ పిల్లల్ని ఇలాంటి పనులకు తెచ్చుకుంటారు. కిషన్ దర్జాగా మెడ ముందుకు చాచాడు. పన్నీరు బుడ్డి పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగింది. అన్నపూర్ణ తలెత్తి చూసింది. స్పందన.

పెదవులకు ఎర్రటి రంగు, కళ్ళకింద నిద్రలేని నలుపు. ఒక్క క్షణమే. ఆ పిల్ల ఇద్దరి మీదా పన్నీరు చల్లి, అందరికీ చెప్పినట్టే చెప్పింది. “రండి అంకుల్, రండి ఆంటీ. భోజనాలు పైన.”

కిషన్ మెట్లెక్కాడు. సగం మెట్ల మీద ఆగాడు. సిగ్గుతో ఆగాడనుకుంది ఆమె. ఆయన వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. “మంచి పనే పట్టింది. తిండి గూడ వీళ్ళే పెడ్తరు గద. ఇగ నెలనెల బియ్యం మోసుడు తప్పుతది.”

ఇన్నేళ్ళు ఈ మనిషి కంచం కడిగిన తన చేతుల మీదే అన్నపూర్ణకు అసహ్యం వేసింది. ఆయన్ను అక్కడే వదిలి గబగబా కిందికి దిగింది. స్పందన అది చూసి, బుడ్డిలో పన్నీరు నింపుకోవడానికన్నట్టు పక్కనున్న టేబుల్ దగ్గరికి వచ్చింది.

“అమ్మా, బయటికి పోకు. తినకుండ పోతే మా సూపర్‌వైజర్‌కు అనుమానమొస్తది.”

“నాకేం తెల్వది బిడ్డా, ఇయ్యాలనే మీ నాయిన...” అంటూ తల్లి మాట మధ్యలోనే ఆపేసింది. ఆ వయసులో కూతురి ముందు అబద్ధమాడుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

స్పందన తల ఎత్తలేదు. “పిలువకుండ వచ్చినోళ్ళను గుర్తువట్టి చెప్పమనే మమ్మల్ని గుమ్మం కాడ నిలవెడ్తరు. పోయిన నెల హుజూర్‌నగర్ హాల్ల గూడ మీరిద్దరు నాకు కనవడ్డరు. నేను స్తంభం ఎనకకు వోయిన. అప్పుడు చెప్పలే, ఇప్పుడు గూడ చెప్పను. పో అమ్మా, పోయి తిను.”