బర్కత్ పిడికెడు

మా బాపుది ఉస్మాన్‌గంజ్‌లో చిన్న బియ్యం దుకాణం. నాది ల్యాబులో ఉద్యోగం. గింజలను పొడి చేసి, యాసిడ్‌లో కరిగించి, వాటిలోని ధాతువుల పాళ్లు చూసి ఏ నేలలో పండాయో చెప్పడం మా పని. బాపు మాత్రం నాలుగు గింజలు కొరికి చెప్పేసేవాడు. "నీ మిషన్‌కు పండ్లు లేవు బిడ్డా" అని నన్ను ఏడిపించేవాడు.

ఒకసారి, ఆయన దగ్గర బియ్యం కొనే హోటల్ మేనేజరుకు అనుమానమొచ్చింది. అవి నల్లగొండ వైపు ఒకే ఊరివని బాపు అంటే నమ్మలేదు. నాకు రోషం పొడుచుకొచ్చింది. నేనే దుకాణానికి వెళ్లి ఆ బస్తా మూతి విప్పి, పైనుంచి ఇన్ని గింజలు తీసి ల్యాబులో ఇచ్చాను. నా తోటి ఉద్యోగి పరీక్ష చేశాడు. రెండు నేలల గింజలని తేలింది.

మేనేజరు ఆ రిపోర్టు కాగితంతో దుకాణం ముందు లొల్లి పెట్టాడు. "ఏంది పెద్దమనిషీ, రెండూర్ల బియ్యం కలిపి అంటగడుతున్నవా?"

గంజ్ అంతా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఛత్రినాకలో ఇల్లు చేరగానే అడిగేశాను: "నిజం చెప్పు బాపు, కలిపినవా?"

"గింజను అడిగినవ్ కదా. ఇంక నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు దుకాణానికి కొత్త బస్తా వచ్చింది. బాపు మూతి విప్పి, వేరే ఊరి పాత బస్తాలోంచి పిడికెడు తీసి పైన పోశాడు. బర్కత్ కోసం, దుకాణం ఎన్నడూ నిండుకోకూడదని. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నేను పరీక్షకు ఇచ్చింది అలాంటి పిడికెడు కలిసిన పై బియ్యాన్నే! ఇనుప గొట్టం లోపలికి గుచ్చి నాలుగు చోట్ల తీయాలని కొత్తవాళ్లకు నేర్పేదాన్ని నేనే. కోపంలో నా చదువునే మరిచాను.

మేనేజరును పిలిపించి, ఆయన ఎదుటే మొదటి బస్తాలో గొట్టం గుచ్చి తీశాను. ఈసారి ఒకే నేల, బాపు చెప్పిన ఊరే.

రిపోర్టు చదివి ఆయన తప్పయిందని అనలేదు. "ఆ పిడికెడు పోసుడు బంద్ చెయ్. లేకుంటే మాకు నీ బియ్యం వద్దు" అన్నాడు.

"వద్దంటే పో సార్. ఫికర్ లేదు" అంటూ బాపు ఇంకో బస్తా విప్పి పిడికెడు పోశాడు. మేనేజరు కళ్లలోకి చూస్తూ ఇంకో పిడికెడు పోశాడు.

మూడోది నేను పోశాను.