అవ్వ మైకు మీద గింగురు

మా ఆయనకి ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకేమో పాస్‌పోర్టులో ఒక ముద్ర, ఈమె ఈ దేశంలో పని చెయ్యరాదని. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్ళయింది, ఇక్కడిప్పుడు అన్ని తలుపులూ తెరుచుకున్నాయని ఎవరిని కదిపినా చెప్పేవాళ్ళు. నా వంటింటి కిటికీకి చువ్వలు, గుమ్మానికి ఇనప గేటు, దానికవతల ఇంకో గేటు. విజయవాడలో ఏళ్ళ తరబడి రేడియోలో సౌండు చూసినదాన్ని, ఇక్కడ పొద్దస్తమానం కుక్కరు విజిళ్ళు వింటూ కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయేది.

మేం అద్దెకున్నది ఇసిపింగోలో, ఒక పాస్టరుగారింట్లో కింది వాటా. ఆయనది తమిళ కుటుంబం, కొన్ని తరాలుగా ఇక్కడే ఉన్నారు కాబట్టి నోరు తెరిస్తే ఇంగ్లీషే. ఆయన అత్తగారు మాత్రం తెలుగావిడ, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరుకు ఎస్టేటు కూలీల ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి. కూతురు పోయాక అల్లుడి దగ్గరే ఉండిపోయింది. అందరూ అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆమెకి మిగిలిన తెలుగు ఎంతని? కూరల పేర్లు, వరసలు, తిట్లు, చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన అమ్మోరి మొక్కు. నన్ను చూడగానే బువ్వ తిన్నావా పిల్లా అని అడిగేది, ఆ తర్వాత పాపం మాట వెతుక్కుని ఇంగ్లీషులోకి వెళ్ళిపోయేది.

పాస్టరుగారు చర్చిలో మైకుల సౌండు సరిచూసుకోవడానికి డిజిటల్ మిక్సరు కొన్నారు. అది ఎవరికీ కొరుకుడు పడలేదు. ఇలాంటివి మా ఆవిడకి మంచినీళ్ళ ప్రాయమని మా ఆయన నోరు జారారు. ఇంకేముంది, ఆదివారం బొట్టు పెట్టుకుని చర్చిలో వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. ఇల్లు ఆయనదాయె, కూర్చున్నాక మరి లేవడం కుదరలేదు. ఆ చర్చి ఒకప్పుడు తెల్లవాళ్ళ సినిమా హాలు. పాస్టరుగారు చిన్నప్పుడు బయట నిలబడి పోస్టర్లు చూసి వెళ్ళిపోయేవారట.

ఆ మొదటి ఆదివారమే, పాటలయ్యాక అవ్వని స్టేజీ ఎక్కించారు. ఆమెకి భాషల వరం ఉందట, పరలోకపు భాష మాట్లాడుతుందట. హాలంతా మోకాళ్ళ మీదకి వచ్చేసింది. అవ్వ కళ్ళు మూసుకుని ఏకబిగిన మొదలుపెట్టింది. నా చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి.

"అమ్మోరు తల్లీ, అంబలి పోస్తా, పుంజుని కోస్తా, బిడ్డల్ని సల్లగా సూడు."

ఊపిరి అందనప్పుడు మధ్యలో నీ జిమ్మడ అని ఒకటి. దానికీ అందరూ ఆమెన్ అన్నారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ వెంటనే హాలంతా కలయజూశాను. ఈ జనంలో తెలుగు తెలిసిన ముసలివాళ్ళు ఒక్కరున్నా ఈమె గతేం కాను?

రివర్బ్ అంటే మాట ఆగాక కూడా గదిలో కాసేపు తిరిగే మోత. ఆ మిక్సరులో దానికొక పేజీ ఉంది. గది ఎంత పెద్దది, మోత ఎంతసేపుండాలి, మాట ఎంత, మోత ఎంత, అన్నీ బటన్లు నొక్కుకుంటూ పోవాలి. మోత కాస్తయితే మాటకి అందం, మరీ పెంచితే మాట అందులో మునిగిపోతుంది. నేను ముంచేశాను. పాస్టరుగారు మురిసిపోయారు, అచ్చం పరలోకంలాగే ఉందని. ఆ మోతని అలాగే అవ్వ పేరుతో మిక్సరులో దాచమన్నారు.

ఓ రోజు పెరట్లో మునగాకు దూస్తూ అవ్వే చెప్పుకొచ్చింది. కూతురు పోయిన కొత్తల్లో మైకు ముందు ఏడుస్తుంటే ఆ మొక్కు దానంతటదే నోట్లోంచి వచ్చేసిందట. కళ్ళు తెరిచేసరికి అందరూ మోకాళ్ళ మీదున్నారట. ఒక ఆదివారం నోరు మెదపకపోతే ఆమె కోసం చర్చంతా ఉపవాసం కూర్చుందట. మోకాళ్ళ నొప్పులు, ఇక నావల్ల కాదంటే, దేవుడిచ్చిన వరాన్ని ఆర్పకూడదన్నాడట అల్లుడు. అసలు సంగతి చెబుదామా అంటే, ఆ ఇల్లు తప్ప ఆమెకి పోవడానికి ఇంకో చోటు లేదు.

అంతలో గుంటూరు వైపు నుంచి ఒక తెలుగు పాస్టరు వస్తున్నారని కబురు. ఈసారి మోత ఇంకా పెంచాలి, ఒక్క అక్షరం కూడా ఆయన చెవిన పడకూడదనుకున్నాను. శనివారం అవ్వ మెల్లిగా మెట్లు దిగి నా వంటింట్లోకి వచ్చింది.

"రేపు ఆ గింగురు తీసెయ్ పిల్లా. ఆయనకి ఇనపడాల. ఇనపడితే నన్ను దించేత్తాడు."

అది బయటపడితే ఏమవుతుందో తెలుసా అని అడిగాను. అన్నీ తెలుసంది. తన నోటితో చెప్పడం తన వల్ల కాదట, ఇంకెవరైనా చెబితే ఏడ్చి ఊరుకుంటుందట.

ఆదివారం రివర్బ్ పూర్తిగా తీసేశాను. ఆమె గాజుల చప్పుడు కూడా వినిపించింది. అవ్వ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ముందు వరసలో ఉన్న ఆయన్నే చూస్తూ ఒక్కో మాటా విడమరిచి అంది. ఆయన చటుక్కున తలెత్తారు. అయ్యాక మా పాస్టరుగారు ఆయన చేతికి మైకిచ్చి, ఇదేం భాష బ్రదర్ అని అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో, తానెన్నో చోట్ల తిరిగాననీ, ఇలాంటి భాష ఎక్కడా వినలేదనీ, ఈ తల్లి ఊపిరున్నంత కాలం ఇది ఆగకూడదనీ చెప్పారు. హాలు దద్దరిల్లిపోయింది. అవ్వ మైకు స్టాండు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

భోజనాల దగ్గర ఆయన చెయ్యి కడుక్కుంటుంటే వెళ్ళి తెలుగులో నిలదీశాను. ఆయన నా బొట్టు వంక చూసి గొంతు తగ్గించారు.

"మా అమ్మ మొక్కూ అదేనమ్మా. ఆ పెద్దావిణ్ణి అంతమందిలో నేనెలా దించను?"

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆవిడ అడిగింది దించమనే బాబూ అని చెబుదామనుకున్నాను. ఈలోగా మా పాస్టరుగారు వచ్చి ఆయన్ని భుజం మీద చెయ్యేసి తీసుకుపోయారు.

తర్వాతి ఆదివారం అవ్వ స్టేజీ ఎక్కింది. కళ్ళు మూసుకునే ముందు వెనక బల్ల వైపు చూసి, అరచెయ్యి పైకి ఆడించింది, పెంచమని. మిక్సరులో ఆమె పేరుతో దాచిన మోతని వెతికి, పెట్టాను.