సన్యాసుల తోటలో బాలింత ఆకు

ఆ మఠం పేరు మాత్రం చెప్పను. చెప్పానంటే వచ్చే వారానికి ఐర్లండ్‌లోని తెలుగు ఆంటీలందరూ కవర్లు పట్టుకుని దిగుతారు, ఆ చెట్టుకి ఆకు మిగలదు. దారి చెబుతాను, తెలివైనవాళ్లు వెతుక్కోండి.

ప్రయాణానికి కారణం మెర్సీ. నర్సు ఉద్యోగానికి కొత్తగా వచ్చినప్పుడు రాజధాని శివారు టాలట్‌లో మా ఇంటి పైగదిలో ఉండేది. ఇప్పుడు పోర్ట్‌లీష్‌లో కాపురం, ఇరవై రోజుల బాలింత. పురుడు పోయడానికి రావలసిన తల్లి చీరాలలో పెట్టె సర్దుకుని కూర్చుంది, వీసా రాలేదు. రోజూ నాకు వీడియో చేసి ఒకటే పాట. "వావిలాకు నీళ్లు పడకపోతే దాని నడుం ఎట్టా గట్టిపడుద్ది వదినగారూ?"

మెర్సీని అడిగితే "గ్రాండ్ ఆంటీ" అంటుంది, అంటే బ్రహ్మాండంగా ఉన్నానని. ఈ దేశంలో కాలు విరిగినవాడు కూడా గ్రాండే. ఇంటికొచ్చి చూసే నర్సుకీ అదే చెప్పింది, తల్లికీ అదే చెప్పింది. కానీ ఆ పిల్ల సరిగ్గా తినడం లేదని, బిడ్డ నిద్రపోయినా తను గోడకేసి చూస్తూ కూర్చుంటోందని మొగుడు నాకు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఆగలేక "ఆకు నేను తెస్తా వదినా" అని వాళ్లమ్మకి మాటిచ్చేశాను. ఐర్లండ్‌లో వావిలి ఎక్కడుందో ఆ తర్వాత వెతికాను.

బాటనీలో బీఎస్సీ చేసి వృద్ధాశ్రమంలో కేరర్‌గా పనిచేసే మనిషిని. ఆ డిగ్రీ ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. మధ్యయుగాల పద్ధతిలో మళ్లీ నాటిన ఒక మఠం తోట ఫొటోల్లో, గోడవారగా, వేళ్లు చాపిన అరచేతిలాంటి ఆకు, నీలం పూల కంకి. వావిలే అనుకున్నాను.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున ఏడుంపావుకి టాలట్‌లో లువాస్ ట్రామ్ ఎక్కాను. రెడ్ లైన్‌లో హ్యూస్టన్ స్టేషన్‌కి ముప్పావుగంట. ఎనిమిదిన్నర రైలుకి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, చవక. పెరుగన్నం, ఆవకాయ డబ్బా తెరవగానే ఎదుటి సీటు ముసలాయన పేపరు దించాడు. ఎక్కడికని అడిగాడు, చెప్పాను.

"సన్యాసుల తోటా? ఉల్లిపాయలూ ప్రార్థనలూ. నాకు రెండూ పడవు," అన్నాడు. ఆవకాయ ముక్క ఇస్తే మాత్రం వద్దనలేదు. తర్వాత పోర్ట్‌లీష్ దాకా నోరు మెదపలేదు, మెదిపే స్థితిలో లేడు.

తొమ్మిదిన్నరకి పోర్ట్‌లీష్. అక్కడినుంచి కార్లో అనే ఊరి వైపు వెళ్లే బస్సు. ఒక నాలుగురోడ్ల కూడలి దగ్గర దింపమన్నాను. "అక్కడేముంది?" అన్నాడు డ్రైవర్. తోట అన్నాను. "మీ ఇంటి దగ్గర లేదా?" అన్నాడు. అరగంటలో దించేశాడు, వాన కూడా నాతోపాటే దిగింది.

గేటు దగ్గర చందాల డబ్బా, దాని పక్కన రబ్బరు బూట్లేసుకుని నోరీన్. డెబ్బై ఏళ్లుంటాయి, తోటకి వాలంటీరు. యాభై దాటిన నన్ను చంటిపిల్లని ముద్దు చేసినట్టు "పెట్" అని పిలిచే ధైర్యం ఆమెకే ఉంది. ఒక్కదాన్నే వచ్చానని జాలిపడి తోటంతా తిప్పింది.

మఠం పైకప్పు ఎప్పుడో పోయింది, గోడలున్నాయి. నడుమ శిలువ ఆకారంలో బాటలు, మధ్యలో బావి. వంటింటి వైపు ఉల్లికాడల్లాంటి లీకులు, ఉల్లి, చిక్కుడు. వైద్యశాల వైపు మందుమొక్కలు. ప్రతి మొక్క దగ్గరా ఒక పలక, దానిమీద సుద్దతో దాని ఉపయోగం. మన సదాపాకు కనిపించింది, కళ్లమసకకట. ఆ కాలపు సన్యాసులకి ఏడాదికి కొన్నిసార్లు రక్తం తీయించుకోవడం ఒక ఆచారం. తీశాక కొన్నాళ్లు విశ్రాంతి, మామూలు కన్నా మంచి భోజనం. "ఇంకేం, క్యూ కట్టి ఉంటారు," అన్నాను. నోరీన్ కాదనలేదు. కొన్ని మఠాల్లో పండ్లచెట్లని సమాధుల మధ్యే నాటేవారట. బతికున్నప్పుడు తిన్నదంతా పోయాక ఆపిల్ చెట్టుకి తిరిగిచ్చే ఏర్పాటన్నమాట. నేనైతే ఆ పండు ముట్టను.

గోడవార చెట్టు దగ్గరికి వచ్చాం. పలక మీద రాత: "సన్యాసుల మిరియం. కామం అణచుటకు."

నాకు నవ్వాగలేదు. "దీన్ని మేం ఎవరికి వాడతామో తెలుసా? బిడ్డని కన్న ఆడదాని ఒంటి నొప్పులకి!"

"మరి మీ ఆకు ఆలస్యంగా వచ్చినట్టుంది," అంది నోరీన్.

ఆకు నలిపి వాసన చూశాను. నవ్వు ఆగిపోయింది. వావిలి వాసన కాదు, ఏదో మిరియం ఘాటు. రెమ్మకి ఏడేసి ఆకులు, సన్నగా. మన వావిలికి మూడో అయిదో ఉంటాయి. చుట్టమే కానీ వావిలి కాదు. అక్కడ చీరాలలో ఆవిడ సాయంత్రానికి ఫోన్ ముందు కూర్చుంటుంది. ఏం చెప్పను?

ఏదైనా సరే, ఉత్తచేతులతో మాత్రం వెళ్లదలచుకోలేదు. రెండు కొమ్మలు కావాలన్నాను.

"కొయ్యకూడదు పెట్. చూడ్డానికే."

"చూడ్డానికే అయితే ఇన్ని పలకలెందుకు? అదిగో, రోగుల సేవ అన్నిటికన్నా ముందని వైద్యశాల గోడమీద మీరే రాశారు. పోర్ట్‌లీష్‌లో ఇరవై రోజుల బాలింత ఉంది. మీ సన్యాసులే ఉంటే పొమ్మనేవారా?"

"ఆడదానివని గేటులోకే రానిచ్చేవారు కాదు."

"అందుకే పైకప్పు పోయింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఈ చెట్టు మేం నాటిందే. ఇక్కడి సన్యాసులు దీన్ని చూసి కూడా ఉండరు, వెచ్చటి దేశాల చెట్టు," అంటూ జేబులోంచి కత్తెర తీసింది. "తాగించవు కదా?"

"ఒంటిమీద పోయడమే."

నాలుగు కొమ్మలు కోసింది. పలక చూపించి, మీ ఉపయోగం కూడా కింద రాసిపొమ్మంది. పనిచేస్తే చెబుతాను, అప్పుడు రాద్దామన్నాను. తన నంబరు ఇచ్చింది.

పన్నెండున్నర బస్సు పట్టుకుని ఒంటిగంటకి మెర్సీ ఇల్లు చేరాను. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. ఆ ఇంట్లో షవరే తప్ప బకెట్ లేదు. బిర్యానీ గిన్నెలో ఆకు మరిగించి, చన్నీళ్లు కలిపి, షవర్ కింద ప్లాస్టిక్ స్టూలు వేశాను. ఫోన్‌ని కిటికీకి ఆనించాను, తల్లి ముఖం వచ్చేలా.

"ఆకు చూపించండి వదినగారూ."

చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "ఇది వావిలి కాదుగా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "కాదు వదినా. దాని చుట్టం. ఇక్కడ ఇదే దొరికింది."

"సరే పొయ్యండి, చల్లారిపోద్ది. నడుం మీద పొయ్యండి, ధారగా. సాంబ్రాణి వేస్తారా?"

"వేస్తే అలారం మోగి ఫైరింజన్ వస్తుంది వదినా."

"వద్దులే తల్లీ. ఇంకాస్త ఎత్తునుంచి పొయ్యండి."

ఆవిడ చెబుతోంది, నేను పోస్తున్నాను. నాలుగో చెంబుకి అలవాటుగా అడిగాను, ఎలా ఉందే అని. మెర్సీ భుజాలు కదిలాయి.

"బాలేదాంటీ," అంది. "నడుం విరిగిపోతోంది. రాత్రిళ్లు భయమేస్తోంది, ఎందుకో తెలీదు. అమ్మా, నాకేం బాలేదమ్మా."

ఫోన్లో తల్లి ఏడవలేదు. "చెప్పు నాన్నా, చెప్పు," అంటూనే ఉంది. నేను నీళ్లు ఆపకుండా పోశాను.

తర్వాత రెండు గిన్నెల పప్పన్నం తిని పడుకుంది. మొగుడు రాగానే ఆ సంగతి అతనికి చెప్పింది, సోమవారం జీపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని నా ఎదుటే అనుకున్నారు.

అయిదూ నలభై రైల్లో కిటికీ సీటు దొరికింది. చేతులింకా మిరియం ఘాటు వాసనేస్తున్నాయి. ఆడవాళ్ల ధ్యాస రాకుండా సన్యాసులు నమ్ముకున్న ఆకు రసం, పోర్ట్‌లీష్‌లో ఒక బాలింత వీపు మీదుగా ఈ మధ్యాహ్నం కాలవలోకి పోయింది. తోట చూడదగ్గదే, వెళ్లండి. గొడుగు తీసుకెళ్లండి, నోరు కూడా.

పనిచేసింది, పలక మీద రాసేయమని నోరీన్‌కి మెసేజ్ పెట్టాను. ఏమని రాయను అని అడిగింది. నడుం నొప్పికి అందామంటే, ఆ నడుం ఇంకా నొప్పిగానే ఉంది. కాసేపు ఆలోచించి పంపాను.

"గ్రాండ్ అనే జబ్బుకి."