మామిడి కొత్త కాకముందే అరకు వెళ్ళాను

పాతికేళ్ళుగా విజయనగరంలో పిల్లలకు భూగోళం చెబుతున్నాను. తూర్పు కనుమలంటే పటం మీద బెత్తంతో ఓ గీత గీసి చూపించడమే నాకు తెలుసు. ఈ చైత్రంలో మా ఆవిడ, "ఇన్నేళ్ళు పాఠం చెప్పారు, ఆ కొండల్లో ఒక్కటైనా ఎక్కారా?" అని అడిగేసింది. ఆ మాటకే ప్రయాణం కట్టాను. ఏటా మా ఇంటికి కొండ పసుపు తెచ్చే సోమన్న, తన ఊళ్ళో పండగ కూడా చూడొచ్చని తోడొచ్చాడు.

తెల్లవారి ఆరింటికి మోటారు బస్సెక్కితే ఎనిమిదిన్నరకు శృంగవరపుకోట. అక్కణ్ణించి కొండ అడుగుదాకా ఎడ్లబండి. రూపాయి అడిగినవాడు ముప్పావలాకు దిగాడు. ఆపైన మన కాళ్ళే. మన్యంలో దొరల మీద పితూరీ లేచిన రోజులు పోయి మూడేళ్ళయినా కొత్త మొహం కనబడితే ఎవరు, ఎక్కడికని జవాన్లు అడుగుతున్నారు. ఊరూ పేరూ చెబితే చాలు, వదిలేస్తారు. పొద్దుగూకే వేళకు అనంతగిరి చేరి ముసాఫరు బంగళాలో పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే బొర్రా గుహ. వెదురు కాగడా పట్టుకుని సోమన్న ముందు నడిచాడు. పదడుగులు వేశాక పైకి చూస్తే కప్పు కనబడలేదు. ఎక్కడో కింద గోస్తనీ హోరు. నేలలోంచి లేచిన రాతి లింగం మీద చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. సున్నపురాయి, నీరు అంటూ నేనే ఎన్నిసార్లు చెప్పానో! ఆ పాఠమే పైకి అనబోతే సోమన్న ఆపాడు.

"గట్టిగా మాటాడకండి పంతులు బాబూ. సామి ఇంకా పన్లోనే ఉన్నాడు."

నా చదువంతా ఆ ఒక్క మాట ముందు చిన్నబోయింది.

అక్కణ్ణించి ఎక్కుడు దారి. మిట్టమధ్యాహ్నం ఓ మామిడి చెట్టు కింద కూలబడ్డాను. సోమన్న నీళ్ళకోసం గెడ్డలోకి దిగాడు. చుట్టూ కాయలు రాలి పడున్నాయి. ఎవరూ ఏరుకోలేదేమిటా అనుకుంటూనే ఒకటి తీసి, మూటలోని ఉప్పుతో నంజుకు తినేశాను. లోపలి జీడిని పొదల్లోకి విసిరాను.

సాయంత్రం అరకు మైదానం కనబడగానే ఒళ్ళు పులకరించింది. చుట్టూ కొండలు, మధ్యలో అందరూ చెప్పే పసుప్పచ్చటి వలిసె పూల పొలాలు కావు, అప్పటికి కోతలైన ఉత్త నేలే. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. సోమన్న ఇంట్లో చోడి అంబలి తాగుతూ పండగేమిటని అడిగాను.

"రేపు మామిడి కొత్త. దేవతకి పెట్టీదాకా కాయ ముట్టం. ఎవులైనా తింటే ఆ ఇంటికి ఈ ఏడు కొత్త నేదు. ఒక్క కాయ కొయ్యకూడదు."

"కొయ్యకపోతే ఏమవుతుంది?"

"ఏటి బాబూ, అలాగంటారు? వానల్లో మాకు టెంక పిండే కూడు. ఇంటికొచ్చిన సుట్టం తిన్నా ఆ ఇంటోలు తిన్నట్టే."

పొదల్లోకి విసిరిన జీడి గుర్తొచ్చింది. చెబుదామనుకున్నాను. సోమన్న భార్య నా కంచంలో ఇంకో గరిటె అంబలి పోసింది. అది తాగేసి, చెప్పకుండానే పడుకున్నాను.

తెల్లారేసరికి ఊరి చివర జాకర దేవత రాళ్ళ దగ్గర జనం. పక్కనే సంత. మూడు ఊళ్ళవాళ్ళు పస్తుతో వచ్చారు. డప్పులు మోగుతున్నాయి. ముహూర్తాలు చెప్పే పెద్దను దిసారి అంటారు. ఆయన పిలిచిన కొద్దీ ఒక్కో ఇంటి పెద్దా వచ్చి, నేల ముట్టి ప్రమాణం చేస్తున్నాడు. అబద్ధపు ప్రమాణానికి పులి వస్తుందని వాళ్ళ నమ్మకం. సోమన్న వంతు వచ్చింది. "మా ఇంట ఎవులం ముట్టనేదు. మా పంతులు బాబూ ముట్టనేదు" అంటూ వంగాడు.

వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "నేను తిన్నాను. తెలియక."

డప్పులు ఆగాయి. దిసారి నా మొహంలోకి చూశాడు. "తెలీక తిన్నావు. తెలిసి దాసినావు."

తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన పెద్దలతో మాట్లాడి తీర్పు చెప్పాడు: చెయ్యి నేల తాకకముందే నిజం వచ్చింది కాబట్టి సోమన్న ఇంటి కొత్త పోదు. కానీ దేవతకు మరో కోడి పెట్టాలి, పొద్దు వాలేదాకా మూడు ఊళ్ళూ ఆగాలి. ఆగారు. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు, అందరూ. చెట్లనిండా కాయలు, ఎదురుగా బుట్టల్లో కాయలు. ఒక్కరు చెయ్యి చాపలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. గుహలో కూడా నాకంత ఆశ్చర్యం కలగలేదు.

పొద్దు వాలాక ముక్కలు పంచారు. నన్ను అందరికంటే చివర నిలబెట్టారు. కాసేపటికి వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి చూస్తే సోమన్న.

"నువ్వెందుకయ్యా ఇక్కడ? ముందుకెళ్ళు."

"మా ఇంటికొచ్చినారు కదా బాబూ" అన్నాడంతే.

గోరంత ముక్క. నోట్లో వేసుకోగానే కళ్ళ నీళ్ళొచ్చాయి. పులుపుకి అని చెప్పి తప్పించుకోను.

కొండలంటే ఎత్తులూ వాలులూ అనుకునేవాణ్ణి. చెట్టు కాయ కాసినంత మాత్రాన అది మనది కాదనీ, అడిగి తినాలనీ తెలిసిన మనుషులు అక్కడున్నారు. వచ్చే ఏడు పాఠంలో బెత్తం గీతతో పాటు ఇదీ చెబుతాను. మీరు వెళ్ళదలిస్తే ఉప్పు, అటుకులు, గొడుగు ఎలాగూ తీసుకెళతారు. మామిడికే కాదు, అక్కడ ప్రతి పంటకూ ఓ కొత్త పండగ ఉంటుంది. అందుకే ఏ నెలలో వెళ్ళినా సరే, కొండెక్కకముందే తోడొచ్చేవాణ్ణి ఒక్క మాట అడగండి: "ఏ కొత్త అయింది? ఏది ఇంకా కాలేదు?"