ఇన్‌స్పెక్టరమ్మ ఇంట్లో విచారణ

ఆ పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మకి భయపడేవాళ్లు ఎవరూ లేరు. పాపం ఆవిడ కుర్రది, నోట్లో నాలుక లేని మనిషి. అందరికీ వణుకు పుట్టించేది అక్కడి అటెండరు. ఇరవై రెండేళ్లుగా కుక్కల్నీ పిల్లుల్నీ బల్ల మీద కదలకుండా పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఎవరూ ఇవ్వని ఇంకో ఉద్యోగం కూడా నెత్తిన వేసుకుంది. జబ్బు చేసిన జంతువుని తెచ్చినవాళ్లని గుమ్మంలోనే నిలబెట్టి నిజం కక్కించడం! ఏం పెట్టారు? ఎప్పుడు పెట్టారు? ఎవరు పెట్టారు? ఈ మూడూ దాటకుండా లోపలికి వెళ్లిన మగాడు లేడు. అందుకే ఆవిడ పేరు ఇన్‌స్పెక్టరమ్మ అయి కూర్చుంది.

ఒకసారి సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన గజగజ వణుకుతున్న కుక్కపిల్లని ఎత్తుకొచ్చాడు. "అబ్బే, మా ఇంట్లో బయటి తిండి ముట్టనివ్వమండీ" అని ఒట్టేశాడు. ఆవిడ కుక్కపిల్ల మూతి వాసన చూసింది. ఆయన మొహం చూసింది.

"చాక్లెట్ ఎంత ముక్క?"

పెద్దమనిషి కుక్కపిల్ల చెవులు సవరించాడు. "చిన్నదేనండీ..."

"చిన్నదంటే?"

ఆ చిన్న ముక్క సాగి సాగి చివరికి ఓ పెట్టెడు అయింది. ఆవిడ ఆయన్ని చెడామడా తిట్టి, డాక్టరమ్మతో మందు ఇప్పించి, కక్కించి, సాయంత్రానికి కుక్కపిల్లని తోక ఊపుకుంటూ ఇంటికి పంపింది. ద్రాక్షపళ్లు పెట్టినవాళ్లూ, ఉల్లిపాయలు పెట్టినవాళ్లూ, ఎలకల మందు మూలన పెట్టి మర్చిపోయినవాళ్లూ ఆవిడ నోట్లో పడి నలిగినవాళ్లే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ తిట్లు తిన్నవాళ్లే వీధిలో కనిపిస్తే ఆగి మరీ పలకరిస్తారు. ఆవిడ నోటి వల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో వాళ్లకి తెలుసు.

ఇంట్లో ఉండేది ఆవిడ, ఆవిడ మావగారు, గుమాస్తా. భర్త దూరపు బస్సు డ్రైవరు, వారానికి రెండు రోజులు మొహం చూపిస్తే గొప్ప. గుమాస్తా అంటే కుక్క. మావగారికి వాచీల రిపేరు కొట్టు ఉండేది. పొద్దున్నే ఆయన వెంట వెళ్లి, కౌంటరు వెనక కూర్చుని, వచ్చేపోయేవాళ్లని ఎగాదిగా చూడ్డం దాని పని. ఆయన టీకి వెళ్తే జనం "వాచీ మీ గుమాస్తాకి ఇచ్చి వెళ్లామండీ" అని హాస్యాలాడేవాళ్లు. కళ్లు మసకబారి ఆయన కొట్టు మూసేసినప్పుడు ఇద్దరూ కలిసే రిటైరయ్యారు. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు, ఆయనకి డెబ్బై తొమ్మిది. ఇద్దరివీ మోకాళ్ల నొప్పులే. వరండాలో ఎదురెదురుగా చేరి మూలుగుతుంటే "సరిపోయారు ఇద్దరికిద్దరూ" అని ఆవిడ నవ్వుకునేది.

ఓ సోమవారం గుమాస్తా తిండి మానేసింది. మంగళవారం వాంతులు. బుధవారం నల్లటి విరేచనం. ఇంకేముంది, ఆవిడ కొంగు బిగించి వీధి మీద పడింది. పక్కింటావిణ్ణి నిలదీసింది. ఎలకల మందు ఎక్కడ పెట్టావంటే ఆవిడ బిక్కచచ్చిపోయి, పిల్లల మీద ఒట్టు మా ఇంట్లో ఎలకలే లేవంది. మూల దుకాణం అతని చేత గోదామంతా తిరగేయించింది. వీధి ఊడ్చే మనిషిని కూడా వదల్లేదు.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "అక్కా, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలేమైనా దాని కడుపులో పడ్డాయా?"

ఆవిడకి ఆ పొద్దున ఊడుస్తుంటే మావగారి మంచం కింద కనబడిన ఖాళీ మాత్రల అట్ట కళ్లముందుకొచ్చింది. తెచ్చిన మాత్రలు రోజుకొకటి చొప్పున తరుగుతూనే ఉన్నాయి, మనిషి కుంటడం మాత్రం ఎక్కువైంది. మాత్ర వేసుకునేవాడికి నొప్పి ఎందుకు పెరుగుతుంది? ఆ ఒక్క ప్రశ్నతో సంగతంతా తెలిసిపోయింది. తెలిశాక అడగడానికి ధైర్యం చాల్లేదు. జీవితంలో మొట్టమొదటిసారి ఇన్‌స్పెక్టరమ్మ విచారణ మధ్యలో ఆపేసింది.

నాలుగు రోజులు ఇంట్లోనే సెలైను ఎక్కించారు. ఆవిడ సెలవు పెట్టి, సీసా కిటికీ ఊచకి కట్టి, కుక్క పక్కనే కూర్చుంది. లాభం లేకపోయింది. మాత్రల సంగతి విన్న డాక్టరమ్మ ఇక దాన్ని బాధ పెట్టొద్దు, సూదిమందుతో నొప్పి తెలీకుండా సాగనంపేద్దామంది. "పెద్దాయనకి వయసైపోయిందని చెప్పెయ్యి అక్కా. నిజం చెబితే తట్టుకోలేడు."

సరేననుకుంది ఆవిడ. ఇంటికొచ్చేసరికి మావగారు నేల మీద కూర్చుని, దాని తల ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"రేపు పొద్దున తీసుకెళ్లాలి మావయ్యా. పన్నెండేళ్లు కదా, వయసు..."

ఆయన తలెత్తలేదు. "వీధిలో అందరినీ అడిగావు అమ్మాయ్. నన్నొక్కణ్ణీ అడగలేదేం?"

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అడుగు" అన్నాడు.

ఒక్క అబద్ధంతో ఆ ముసలి ప్రాణం కుదుటపడేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అంత సూటిగా అడిగిన పెద్దమనిషికి అబద్ధం చెప్పడమంటే ఆయన్ని పసివాడి కింద జమకట్టడమే కదా అనిపించింది. ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఏం పెట్టారు మావయ్యా?"

"నా మోకాళ్ల మాత్ర."

"ఎప్పుడు?"

"పొద్దున సగం, సాయంత్రం సగం. ఎనిమిది రోజులు. చిన్న ప్రాణం కదా అని బ్లేడుతో సరిగ్గా సగానికి కోశానమ్మా."

"మరి మీరు?"

"నాకేం, నోరున్నవాణ్ణి. నొప్పంటే చెప్పుకోగలను. అది చెప్పుకోలేదుగా."

ఎవరు పెట్టారన్న మూడో ప్రశ్న ఆవిడ అడగలేదు. ఆయనే ఇంకోటి అడిగాడు. "దానివల్లేనా?"

"దానివల్లే మావయ్యా."

ఆయన మొహం చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు. పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఆస్పత్రిలో డాక్టరమ్మ, "నువ్వు బయట కూర్చో అక్కా, ఇంకెవరినైనా పట్టుకోమంటాను" అంది. ఆవిడ వినిపించుకోలేదు. గుమాస్తా ముందుకాలు ఎప్పటిలాగే మెత్తగా, గట్టిగా పట్టుకుంది. మావగారే గుమ్మం వైపు అడుగులేశాడు.

"నావల్ల కాదమ్మా. ఈ చేతులతోనేగా పెట్టింది."

"ఆ సంగతి దానికి తెలీదు మావయ్యా. మీరు బయటికి పోతే మీకోసం గదంతా వెతుక్కుంటుంది. దానికి కావలసింది ఆ చేతులే. రండి."

ఎందరినో అలా గుమ్మం దగ్గర ఆపిన మనిషి. కానీ ఎప్పుడూ ఇంత మెల్లగా చెప్పలేదు. ఆయన వెనక్కి వచ్చాడు. దాని తల మోచేతి వంపులోకి తీసుకున్నాడు. కొట్టున్న రోజుల్లో సాయంత్రం తాళం వేసేముందు దానితో అనే మాటే చెవిలో అన్నాడు. "ఇవాళ్టికి చాల్లే. కొట్టు కట్టేద్దాం పద."

గుమాస్తా చెవి ఒక్కసారి కదిలింది. డాక్టరమ్మ సూది తీసేసింది. మరి కాసేపటికి ఆవిడ దాని కాలు వదిలేసింది.

బయట మెట్ల మీద మావగారు చాలాసేపు కూర్చున్నాడు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి పక్కన నిలబడింది.

"నామీద నీకు కోపంగా లేదూ?"

"ఉంది మావయ్యా. చాలా ఉంది. నామీద ఇంకా ఎక్కువుంది. ఏం పెట్టకూడదో ఊరందరికీ చెప్పానుగానీ ఇంట్లో మీకొక్క ముక్క చెప్పలేదు."

"ఎప్పటికి పోతుందంటావ్?"

"తెలీదు. పోయేదాకా ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాంగా. లేవండి."

ఆయన కోడలి భుజం పట్టుకుని లేచాడు.