కొయ్యూరు పసుపూ, నేను కొన్న ప్రింటరూ

ఆ వయసులో నాకు కోపం రావడానికి కారణమంటూ ఒకటి ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఇరవై మూడేళ్ళు, నర్సీపట్నంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారు ఉద్యోగం, నెత్తి నిండా జుట్టు, ముక్కు మీద కోపం. అవే నా ఆస్తిపాస్తులు. (జుట్టు పోయింది. కోపం పదిలంగా ఉంది.) "ఈడి కోపం తాటాకు మంట. బేగి లేస్తాది, బేగి ఆరిపోద్ది" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆరిపోయే లోపల ఎంత కాలుతుందో మాత్రం చెప్పేది కాదు. అలా భగ్గున లేచిన ఒకానొక మంటలో నేను ఒక ప్రింటరు కొన్నాను. పన్నెండేళ్ళు దాటిపోయినా దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. కనుక మధ్యలో ఎక్కడైనా నోరు జారితే మన్నించండి.

మా అక్క పెళ్ళి కుదిరింది. మా బలగానికి నూటయాభై కార్డులు చాలు. ఆ మాటే ప్రెస్సాయనకి చెప్పాను. ఎవరు ఎప్పుడు వెళ్ళినా రేపు రమ్మంటాడు కనుక ఊళ్ళో ఆయన్ని అందరూ 'రేపు గారు' అనేవారు. ఆయన నోట్లో కిళ్ళీ తియ్యకుండానే, "నూటయాభైకి మిషను తిప్పమండి. ఐదొందలేయించుకోండి" అన్నాడు. మిగిలినవాటిని ఏం చేసుకోమంటారని అడిగాను. "దాసుకోండి. మీకూ ఎప్పుడో పెళ్ళవుద్ది కదా, పేర్లు కొట్టేసి వాడుకోవచ్చు" అని, అక్కడ కూర్చున్న నలుగురి వంకా చూసి నవ్వాడు. ఆ నలుగురూ నవ్వారు. నేను ఊరుకుంటానా? "మీ మిషను మీరే తిప్పుకోండి! మా కార్డులు మేం ఇంట్లో వేసుకోగలం!" అని మెయిన్ రోడ్డు దద్దరిల్లేలా అరిచి బయటికొచ్చేశాను. ఇంటికొచ్చాక నాన్న, "కార్డులు ఇచ్చొచ్చేవేట్రా?" అన్నాడు. "మనమే వేసుకుంటున్నాం" అన్నాను. నాన్న నన్నొకసారి, గోడ మీద క్యాలెండరునొకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

కార్డు కోసం అంత రభస ఎందుకంటే, మాకు కావలసింది నూటయాభై కార్డులు కాదు, ఒక్క కార్డు. అది కొయ్యూరులో ఉండే మావయ్యకి. మావయ్య అంటే మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, అక్కడి బళ్ళో సైన్సు మేష్టారు. ఏడేళ్ళ కిందట తాతయ్య పెద్దకర్మ భోజనాల్లో నాన్న పదిమందిలో, "కొండల్లో ఉండీ ఉండీ ఈడికి మర్యాద తెలీకుండా పోయింది" అన్నాడు. మావయ్య విస్తరి ముందు నుంచి సగంలో లేచిపోయాడు. ఆనాటి నుంచి మా గడప తొక్కలేదు. అయితే ఏటేటా సంతలో మంచి పసుపు కొమ్ములు ఏరి కొని, దంపించి, మూట కట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి అమ్మకి పంపేవాడు. మూటతో పాటు ఒక్క మాటా ఉండేది కాదు. ఇప్పుడు అక్క భీష్మించుకు కూర్చుంది: "మావయ్య గంపలో ఎత్తుకొస్తేనే పీటల మీదకొస్తాను. లేపోతే నా పెళ్ళి నాకొద్దు." నాన్నేమో, "నాను ఎల్లను. మంచి కార్డు కొట్టించి కుర్రోణ్ణి పంపుదాం" అన్నాడు. అంటే నాన్న ఏడేళ్ళుగా అనలేని మాట నా కార్డు అనాలన్నమాట. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ప్రింటరు కొనడానికి బస్సు కాంప్లెక్సు దగ్గర కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. ఆ షాపాయన మహా నెమ్మదస్తుడు. అటువంటివాళ్ళని చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఏటికండి ప్రింటరు?" అన్నాడు. పెళ్ళికార్డులకన్నాను. "అయితే లేజరు తీసుకోండి, అచ్చు గట్టిగా ఉంటాది" అని ఒక బండలాంటిది చూపించాడు. రంగులు వస్తాయా అని అడిగితే, "నలుపేనండి" అన్నాడు. నలుపు! పెళ్ళికార్డు మీద నలుపు అక్షరాలా! "మాది పెళ్ళి పిలుపండీ, పెద్దకర్మ పిలుపు కాదు!" అని గయ్యిమన్నాను. రంగుల లేజరు కూడా ఉందన్నాడు. ధర విని ఆ విషయం అక్కడితో వదిలేశాను. చివరికి నా కన్ను ఇంకుజెట్టు మీద పడింది. దాని పక్కన పెట్టిన నమూనా కాగితం మీద చిలకలూ, మామిడి తోరణాలూ, ఎర్రగా పచ్చగా మెరిసిపోతున్నాయి. ఇది ఇచ్చెయ్యండి అన్నాను. షాపాయన పెట్టె దించుతూ, "బొమ్మలు బాగొస్తాయండి. మరి తడి తగిలితేనే కష్టం" అన్నాడు, అదే నెమ్మదితో. "పెళ్ళికార్డుకి తడెందుకు తగుల్తాదండీ? వానలో పంచుతామేటి?" అని గట్టిగా నవ్వాను. ఆయనా మర్యాదకి నవ్వాడు. ఆయన నవ్వకుండా ఒక్క నిమిషం నన్ను ఎదిరించి మాట్లాడి ఉంటే బాగుండేదని ఈనాటికీ ఆయన మీద నాకు కోపమే.

తర్వాత మూడు రోజులు ఆ యంత్రానికీ నాకూ జరిగింది యుద్ధం. తుని నుంచి తెప్పించిన దళసరి కాగితాన్ని అది నోట్లో పెట్టుకుంటుంది, సగం నములుతుంది, ఎర్ర దీపం వెలిగించి నా మొహం వంక చూస్తుంది. లాగితే చిరుగుతుంది. తిడితే పట్టించుకోదు. వినాయకుడు ఒకసారి నీలంగా వచ్చాడు, ఇంకోసారి తొండం లేకుండా వచ్చాడు. "ఒరే, మిషనుని తిడితే పని సేస్తాదేట్రా?" అని మా మేనత్త వాకిట్లో కూర్చుని నవ్వేది. (ఈవిడ నాన్నకి అక్క. పెళ్ళి పనులని నెల ముందే దిగిపోయింది.) మొత్తానికి నూటయాభై కార్డులూ వచ్చాయి. మావయ్య కార్డు మీద మాత్రం నా ప్రతాపమంతా చూపించాను. కింద కుడి మూల ప్రత్యేకంగా ఒక గడి కట్టి, చుట్టూ లతలు వేసి, అందులో ఎర్రటి పెద్ద అక్షరాలతో మేనమామ అని, ఆ కింద ఆయన పేరు, దాని కింద డిగ్రీ. ఏ రేపు గారి తాతా అలాంటి కార్డు వేసి ఉండడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "బాగుంది" అన్నాడు. నా ఇరవై మూడేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

మర్నాడు శుక్రవారం. నేను బడికి వెళ్ళాను. తొలి కార్డు దేవుడికి, మలి కార్డు మేనమామకి అని మేనత్త దేవుడి గూట్లో ఆ రెండూ పెట్టి, పసుపు తడిపి, నాలుగు మూలలా నిండుగా అద్ది, కళ్ళజోడు లేని కళ్ళతో మురిసిపోయి, తడి ఆరకుండానే మావయ్య కార్డుని కవరులో పెట్టేసింది. పెళ్ళికార్డుకి పసుపు పెడతారని లోకంలో ఎవరికి తెలీదు చెప్పండి? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. నాకు తెలుసు. ప్రింటరు కొనేటప్పుడు మాత్రం తెలీదు!

శనివారం పొద్దున్నే ఆ కవరుని చొక్కా లోపల దాచుకుని కొయ్యూరు బస్సెక్కాను. మావయ్య అరుగు మీద కూర్చుని బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు. "ఏట్రా?" అన్నాడు. నేను మాట్లాడకుండా రెండు చేతులతో కవరు అందించాను. (ఇక నా కార్డే మాట్లాడుతుందని ధీమా.) ఆయన నిదానంగా తీశాడు. పై నుంచి చదువుకుంటూ కిందికి వచ్చాడు. కుడి మూల దగ్గర చూపు ఆగింది. నేనూ వంగి చూశాను. లతలు లేవు. డిగ్రీ లేదు. మేనమామా లేడు. ఎర్రా పచ్చా కలగలిసిన పెద్ద మరక, అంతే. కార్డు మొత్తం మీద చక్కగా మిగిలింది మా నాన్న పేరు. అది మధ్యలో ఉంది.

"బాగుందిరా" అన్నాడు మావయ్య. "తన పేరు ఉంచుకుని, నా పేరు కడిగి మరీ పంపేడన్నమాట మీ నాన్న." కార్డు కవరులో పెట్టి నా చేతికిచ్చేసి, మళ్ళీ ఎర్ర పెన్ను తీశాడు.

అప్పుడు లేచింది తాటాకు మంట. ప్రెస్సాయన నవ్వూ, షాపాయన నెమ్మదీ, కాగితాలు నమిలిన ఆ మిషనూ, కళ్ళజోడు పెట్టుకోని మేనత్తా, కదలని నాన్నా, అన్నీ కలిసి నా నెత్తికెక్కాయి. "కడిగింది మా నాన్న కాదు, నీ పసుపు! నువ్వు పంపిన పసుపే! మూట పంపడం తెలుసు గానీ మూటతో రావడం తెలీదు నీకు! ఏడేళ్ళయింది, అమ్మ ఆ మూట విప్పిన ప్రతిసారీ ఏడుస్తాది, తెలుసా? అక్క నువ్వు గంప ఎత్తకపోతే పెళ్ళే వద్దంటంది! మూడు రోజులు ఆ దిక్కుమాలిన మిషనుతో సచ్చేను నీ పేరు కోసం! పేరు పోతే పోయింది, నోటితో పిలుత్తన్నాను, వత్తావా రావా? రాపోతే సెప్పు, ఇక్కడే కూకుంటాను!" అని అరిచి, నిజంగానే అరుగు మీద చతికిలబడ్డాను. సిగ్గుచేటు, ఏడుపు కూడా వచ్చేసింది. పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

మావయ్య పెన్ను మూత పెట్టాడు. నా దగ్గరికొచ్చి కూర్చుని కార్డు మళ్ళీ తీసుకున్నాడు. వేలు తడి చేసుకుని వినాయకుడి మీద రుద్దాడు. వినాయకుడు వేలికి వచ్చేశాడు. "ఇంకుజెట్టు కదా?" అన్నాడు. తలూపాను. "కంప్యూటర్ సారువి, నీళ్ళలో కరిగే రంగని తెలీదేట్రా? మిగతావాటికి నూనెలో కలిపి పెట్టమను, సెదరవు" అన్నాడు. వేలు తుడుచుకుని, "ఏడేళ్ళలో మీ నాన్న ఒక్కసారి ఇలగొచ్చి ఇలగ కేకలేసుంటే, ఆవేళే వచ్చీవోణ్ణిరా. ఎవులూ రాలేదు" అన్నాడు. నేను ముక్కు తుడుచుకున్నాను.

మిగిలిన కార్డులకి మేనత్త నువ్వులనూనెలో పసుపు కలిపి పెట్టింది. అవన్నీ బజ్జీలు చుట్టిన కాగితాల్లా తయారయ్యాయి. అక్షరాలు మాత్రం నిలిచాయి. పెళ్ళికి ముందు రోజు మావయ్య పసుపు మూటతో పాటే దిగాడు. నాన్నా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోజంతా అరిటాకులు లెక్కపెట్టారు. ముహూర్తానికి మావయ్య గంప ఎత్తాడు. మా అక్క ఆ రోజుల్లో కాస్త పుష్టిగా ఉండేది. నాలుగడుగులు వేసేసరికి ఆయన నడుం పట్టేసి, గంప ఓ పక్కకి ఒరిగింది. "బావా! సూత్తావేటి, ఆ సివర పట్టుకో!" అని కేకేశాడు. పీటల మీద కూర్చున్న నాన్న, పంతులుగారు వద్దంటున్నా వినకుండా, ఒక్క అంగలో లేచి వెళ్ళి పట్టుకున్నాడు.

మొన్న మా గృహప్రవేశం పిలుపు మావయ్యకి ఫోన్లోనే పంపాను. దీపాలు వెలుగుతాయి, పూలు రాలుతాయి, సన్నాయి కూడా వస్తుంది. కాసేపటికి ఆయన గొంతు రికార్డై వచ్చింది: "బాగుందిరా. మరి పసుపు ఎక్కడ పెట్టేవు ఇందులో?" ఈ ముసలాయనకి ఎప్పుడూ ఏదో ఒక వంకే అని ఫోను మంచం మీదకి విసిరేశాను. మర్నాడు పొద్దున్నే, దారి పొడుగునా విసుక్కుంటూ, కొయ్యూరు వెళ్ళాను. అరుగు మీద ఆయన ఉన్నాడు. పక్కన తెరిచిన పాత పుస్తకం, దాని మధ్యలో ఆనాటి కార్డు. నా చిలకలూ తోరణాలూ అన్నీ వెలిసిపోయాయి. ఆ మూల మరక ఒక్కటే తెలుస్తోంది. మావయ్య నా బట్టతల వంక తేరిపార చూసి, "ఏట్రా, ఈసారి మామూలుగా పిలుత్తావా, కోపంగా పిలుత్తావా?" అన్నాడు.

"కోపంగానే" అన్నాను, పక్కన చతికిలబడుతూ. కానీ ఎంత ప్రయత్నించినా గొంతు లేవలేదు.