బల్లి సాక్ష్యమూ, సద్దుల బతుకమ్మ గడువూ

నాంపల్లిలోని మా ఇంటి ముందు గదిలో, ట్యూబ్‌లైటు వెనుక ఒక బల్లి ఉండేది. ఎవరైనా ఒక మాట అనగానే అది పలికితే ఆ మాట నిజమవుతుందని మా అత్తగారి నమ్మకం. వెంటనే మంచం పట్టెను వేలితో మూడుసార్లు కొట్టి, "సత్యం, సత్యం" అనేవారు. ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి ఆ వేలి చప్పుడు వింటూనే ఉన్నాను. నా మాట వెంట మాత్రం ఒక్కసారీ వినలేదు.

ఆ చప్పుడంతా మా మరిది భార్యకే దక్కేది. ఆమె నోట ఏది వస్తే అది జరుగుతుందని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. అత్తగారు ఆమెను "బిడ్డా" అని పిలిచేవారు, నన్ను "ఏందే" అని.

నేను అబిడ్స్‌లోని ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. తేదీ వేసి ఆనాటి ఖర్చూ, ఆనాటి సంగతీ రాసుకోనిదే నిద్రపోను. అందుకే ఒక విషయం నా కంటబడింది. బల్లి నా మాటల తరువాత కూడా పలికేది. గ్యాస్ బండ రేపు వస్తుందని నేనన్నప్పుడు పలికింది. బండ మరునాడే వచ్చింది. ఎవరి వేలూ కదలలేదు. చిన్న కోడలు "బేగం బజార్ల మిర్చి ధర దిగుతది చూడుండ్రి" అన్నప్పుడు కదిలింది. బేగం బజార్‌లో మిర్చి ధర ఏదో ఒకనాడు దిగుతుంది, మరొకనాడు ఎక్కుతుంది. ఎప్పటిలోగా, ఎంతకు అని చెప్పనప్పుడు ఆ మాట తప్పడానికి దారే లేదు. తప్పే దారి లేని మాటను నిజమైందని ఎలా మెచ్చుకోవడం? ఇలా అడిగితే నాది ఓర్వలేనితనం అనేవారు. ఓర్వలేనితనమే, కాదనను. కానీ ప్రశ్న కూడా సరైనదే.

బోనాల రోజుల్లో అత్తగారి కంట్లో పొర ముదిరిందని డాక్టరు చెప్పాడు. దసరా తరువాత ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, అంతకు మించి ఆలస్యం చేయవద్దన్నాడు. ఆ తేదీ, ఖర్చు, ఆటోలో ఎంతసేపు పడుతుందో అన్నీ అత్తగారికి వివరించాను. ఆవిడ నావైపు తిరగనైనా లేదు.

"నాకేమన్న అయితదా బిడ్డా?" అని చిన్న కోడల్ని అడిగారు.

"ఫికర్ చేయకుండ్రి అత్తమ్మా. ముందుగాల ఒక మంచి కబురు వస్తది. గదొచ్చినంక పోదం."

బల్లి పలికింది. వేలు మూడుసార్లు మోగింది. ఆపరేషన్ ఆగిపోయింది.

"ఏం కబురు? ఎవరి నుంచి వస్తది? ఎప్పటిలోపల?" అని నేను అడిగాను.

"మంచి కబురే అక్కా. నువ్వు గిట్ల పోలీసోల్ల లెక్క అడిగితె ఏం చెప్పాలె?"

"జర దాన్ని సతాయించకు. నీకు లెక్కలు తప్ప ఏం రావు," అన్నారు అత్తగారు.

ఆనాడు నేను వెనక్కి తగ్గలేదు. "పక్కింటి పిల్లి ఈనినా మంచి కబురే అత్తమ్మా. ఏ కబురూ రాకుంటె వచ్చే ఏడుదాంక గట్లనే కూసుంటమా? నీ కన్ను ఆగుతదా?" అన్నాను. చిన్న కోడలే అన్నది: "సరే, రాసుకో అక్కా. ఆదిలాబాద్‌ల ఉన్న మన అల్లునికి హైదరాబాద్‌కు బదిలీ అయితది. దసరా ముంగటి సద్దుల బతుకమ్మ లోపల."

అత్తగారికి ఒక్కతే కూతురు. ఆ అల్లుడు బ్యాంకు ఉద్యోగి. "ఆర్డర్ చేతికి రావాలె, నోటి మాట నడువది," అన్నాను.

పందెం అత్తగారే ఖాయం చేశారు. "నిజమైతె చిన్నది ఎప్పుడు పోదమంటె అప్పుడే పోత. తప్పితె డాక్టర్ చెప్పిన నాడే పోత. ఔనా?"

ఈసారి బల్లి పలకలేదు.

ఆ ఇంటి ఆడపిల్ల దగ్గరికి రావడం నాకూ ఇష్టమే. అయినా ఫోను మోగినప్పుడల్లా ఆ ఆర్డరు రాకూడదనుకునేదాన్ని. బతుకమ్మకు చీరలు కొనడానికి అబిడ్స్ వెళ్లినప్పుడు అత్తగారు ఆకుపచ్చ చీర పట్టుకొని, "ఈ నీలంది బాగున్నది" అన్నారు. దుకాణం మెట్టు కనబడక తూలారు. పక్కనే ఉన్న నా చేయి కాదు, ఆవలనున్న చిన్న కోడలి చేయి వెతికి పట్టుకున్నారు.

సద్దులకు ముందురోజు ఆర్డరు వచ్చింది. సంగారెడ్డికి.

ఇంట్లో సంబరం మొదలైంది. బల్లి పలకకుండానే అత్తగారి వేలు మోగింది. "చిన్నది చెప్పినట్టే అయింది!"

"హైదరాబాద్ అన్నది అత్తమ్మా. సంగారెడ్డి వేరే జిల్లా."

"పిల్ల పొద్దుగాల బస్సెక్కితె పగటాల్లకు ఈడుంటది. హైదరాబాదే గది! నీకు ఒక్క సంబురం ఓర్వదు గదనే."

మా ఆయన కూడా నవ్వాడు. చిన్న కోడలు గుమ్మం దగ్గర కూర్చొని తంగేడు పూలు సర్దుతున్నది. తల ఎత్తకుండానే అన్నది: "లేదత్తమ్మా. నేనన్నది హైదరాబాదే. తప్పింది. అక్క గెలిచింది. డాక్టర్ చెప్పిన నాడే పోదం."

అత్తగారు ఆమె తల నిమిరారు. "చూసిన్రా, నా బిడ్డ ఎంత నిజం మాట్లాడుతదో! అది పొమ్మంటె పోకుంట ఉంటనా?"

ఊరి పేరు చెప్పించింది నేను. ఆర్డరు చేతికి రావాలన్నది నేను. గెలిచింది కూడా నేనే. ఆవిడ దవాఖానకు వెళ్లింది మాత్రం ఆమె మాట మీద. ఆటోలో వాళ్లిద్దరూ చేతులు పట్టుకొని కూర్చున్నారు. నా ఒడిలో రిపోర్టుల సంచీ ఉంది.

కన్ను బాగుపడింది. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన సాయంత్రం అత్తగారు మంచం మీద ఒరిగి ఉండగా అన్నాను: "శివరాత్రి లోపల రెండో కన్ను కూడ చేయిద్దాం. అదే దవాఖానల, అదే డాక్టర్‌తోని."

బల్లి పలికింది.

నేను అత్తగారి వేలి వైపు చూశాను. అది కదలలేదు. ఆవిడ కొత్త కంటితో ట్యూబ్‌లైటు వైపే చూస్తున్నారు. "ఓసి, గిదేనా పలికేది? దీనికి తోకనే లేదు!"

చిన్న కోడలు పకపకా నవ్వి, వంగి, మంచం పట్టెను తన వేలితో మూడుసార్లు కొట్టింది. "సత్యం, సత్యం. అక్క మాట."

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన చప్పుడు అది. అదీ ఆమె చేతి నుంచే వచ్చింది.